వివరాలు తెలియని ఎల్‌ఈడీకి ఎన్ని వోల్టులు ఇవ్వాలో కనుక్కోవడం ఎలా

పాత బోర్డుల నుంచి ఊడదీసినవి, కలగాపులగంగా ఒకే సంచిలో వచ్చినవి, ఎప్పుడో కొని డబ్బాలో పడేసినవి ఇలా ఎల్‌ఈడీలు చేతిలో ఉంటాయి గానీ వాటి మీద ఒక్క అక్షరమూ ఉండదు. రెసిస్టర్‌కు రంగు గీతలుంటాయి, కెపాసిటర్ మీద అంకెలుంటాయి, ఐసీ మీద నంబరు ఉంటుంది. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ మీద మాత్రం ఏమీ ముద్రించరు. అందువల్ల దానికి ఎన్ని వోల్టులు ఇవ్వాలన్నది చూసి చెప్పలేము, కొలిచి తెలుసుకోవాలి. ఒక మల్టీమీటర్, ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు మూడు రెసిస్టర్లు ఉంటే ఒక్కో ఎల్‌ఈడీకి రెండు నిమిషాలు చాలు. అయితే కొలిచే ముందు ప్రశ్నను కొంచెం సరిచేసుకోవాలి.

ఫిలమెంట్ బల్బు విషయంలో "ఇది 6 వోల్టుల బల్బు" అంటే ఆ మాటకు పూర్తి అర్థం ఉంది. 6 వోల్టులు ఇస్తే తనకు కావలసినంత కరెంటును అది తానే తీసుకుంటుంది, కాస్త ఎక్కువిస్తే కాస్త ఎక్కువ వెలుగుతుంది. ఎల్‌ఈడీ అలా కాదు. ఒక హద్దు దాటేదాకా దానిలో కరెంటు దాదాపు పారదు. హద్దు దాటాక వోల్టేజిని పిసరంత పెంచినా కరెంటు విపరీతంగా పెరిగిపోతుంది. పైగా లోపల కాంతినిచ్చే చిన్న ముక్క, అంటే చిప్, వేడెక్కే కొద్దీ ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున ఆ హద్దు కిందికి జారుతుంది కాబట్టి, మార్పులేని వోల్టేజిని నేరుగా కలిపితే వేడి వల్ల కరెంటు, కరెంటు వల్ల వేడి ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. కాబట్టి ఎల్‌ఈడీకి ఇవ్వవలసింది వోల్టేజి అనడం కన్నా కరెంటు అనడం సరైనది. మనం తేల్చుకోవలసినవి రెండు: తగినంత కరెంటు పారుతున్నప్పుడు ఎల్‌ఈడీ కాళ్ళ మధ్య ఎన్ని వోల్టులు నిలుస్తున్నాయి, అది ఎంత కరెంటును తట్టుకోగలదు. మొదటిదాన్ని ఫార్వర్డ్ వోల్టేజి అంటారు, దాన్ని కొలవవచ్చు. రెండోదాన్ని పరిమాణాన్నీ రకాన్నీ బట్టి జాగ్రత్తగా ఊహించాలి. ఈ రెండూ తెలిస్తే సప్లై 5 వోల్టులైనా 12 అయినా 24 అయినా తగిన రెసిస్టర్‌తో అదే ఎల్‌ఈడీని వెలిగించవచ్చు.

మొదట కంటితో పరిశీలించండి

రంగును బట్టి వోల్టేజి చాలావరకు తెలిసిపోతుంది, ఎందుకంటే ఈ రెండింటికీ మూలం ఒక్కటే. చిప్‌లోని పదార్థం ఎంత శక్తితో కాంతి కణాన్ని వదులుతుందో దాదాపు అంత వోల్టేజి దానికి కావాలి. 1240ని కాంతి తరంగదైర్ఘ్యంతో, అంటే నానోమీటర్లలో ఉన్న సంఖ్యతో, భాగిస్తే ఆ వోల్టేజి ఉజ్జాయింపుగా వస్తుంది. 630 నానోమీటర్ల ఎరుపుకు 1.97, 460 నానోమీటర్ల నీలానికి 2.70 వస్తాయి. నిజంగా కొలిచినప్పుడు పూర్తి కరెంటు వద్ద కనిపించే విలువలు వీటికి దగ్గరగానో కాస్త పైనో ఉంటాయి. రిమోట్లలో వాడే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ రకాలకు 1.2 నుంచి 1.5 వోల్టులు; ఎరుపుకు 1.8 నుంచి 2.2, నారింజ, పసుపు రంగులకు సుమారు 2.0 నుంచి 2.2, నీలం, తెలుపు రంగులకు 2.8 నుంచి 3.4, అల్ట్రావయొలెట్‌కు 3.2 నుంచి 3.8 వోల్టులు ఉంటాయి. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల ఉన్నది నీలం చిప్పే, దాని మీద నీలం వెలుగులో కొంత భాగాన్ని పసుపుగా మార్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. అందుకే రెండింటి వోల్టేజి ఒకటే.

ఆకుపచ్చ దగ్గర మాత్రం తొందరపడకూడదు. ఇందులో రెండు వేర్వేరు జాతులున్నాయి. పాత పరికరాల ప్యానెళ్ళ మీద కనిపించే, కాస్త పసుపు కలిసినట్టుండే మసక ఆకుపచ్చకు గాలియం ఫాస్ఫైడ్ ఆధారం, దానికి 2.0 నుంచి 2.2 వోల్టులు చాలు. కళ్ళు చెదిరేలా వెలిగే నిఖార్సయిన ఆకుపచ్చకు నీలం చిప్పుల్లో ఉండే గాలియం నైట్రైడ్ కుటుంబమే ఆధారం, దానికి 3 వోల్టుల దాకా కావాలి. ఈ తేడాను పరికరం వయసు కూడా చెబుతుంది. కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపించగా, ప్రకాశవంతమైన నీలం 1990ల తొలి సంవత్సరాల్లో గానీ సాధ్యం కాలేదు; ఆ పనికే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. అందువల్ల 1990కి ముందు తయారైన పరికరం నుంచి ఊడదీసిన ఆకుపచ్చ ఎల్‌ఈడీ మామూలుగా 2 వోల్టుల రకమే అయి ఉంటుంది.

తల రంగుగా, మసకగా ఉంటే వెలుగు రంగు ముందే తెలుస్తుంది. నీళ్ళలా పారదర్శకంగా ఉంటే తెలియదు. అప్పుడు తలను పైనుంచి, వీలైతే భూతద్దంతో చూడండి. లోపలి చిన్న గిన్నెలో పసుపు రంగు మరక కనిపిస్తే అది తెల్ల ఎల్‌ఈడీ; ఆ మరక నారింజ వైపు మొగ్గితే వెచ్చటి తెలుపు. గిన్నెలో మరకేమీ లేక ఇసుక రేణువంత చిప్ మాత్రమే కనిపిస్తే వెలిగించి చూడడమే దారి.

ప్లస్, మైనస్ గుర్తించడం కూడా ఇప్పుడే పూర్తి చేయాలి. కొత్త ఎల్‌ఈడీలో పొడవు కాలు ప్లస్. బోర్డు నుంచి తీసినవాటికి కాళ్ళు కత్తిరించి ఉంటాయి కాబట్టి తల అడుగు అంచును వేలితో తడమండి. ఒక పక్క చదునుగా కోసినట్టు ఉంటుంది, ఆ పక్కనున్నది మైనస్ కాలు. గాజులాంటి తలలోంచి చూసినప్పుడు చిప్‌ను మోస్తున్న పెద్ద లోహపు ముక్క చాలావాటిలో మైనస్ అవుతుంది గానీ, కొన్ని రకాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది కాబట్టి దీన్ని ఆఖరి సాక్ష్యంగా తీసుకోకండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, చాలా ఎల్‌ఈడీలు ఎదురు దిశలో 5 వోల్టుల వరకే తట్టుకుంటాయని తయారీదారులు చెబుతారు. 9 వోల్టుల బ్యాటరీని తిరగేసి కలిపితే ఆ హద్దు దాటినట్టే.

మీటరులో డయోడ్ గుర్తు

మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబును ప్లస్ కాలికి, నల్ల ప్రోబును మైనస్ కాలికి ఆనించండి. మీటరు తనలోంచి సుమారు 1 మిల్లీ ఆంపియర్ పంపి, కాళ్ళ మధ్య నిలిచిన వోల్టేజిని చూపిస్తుంది. ఎరుపు, పసుపు, పాత ఆకుపచ్చ ఎల్‌ఈడీలు మసకగా వెలిగి 1.6 నుంచి 1.9 మధ్య అంకె కనబడుతుంది. ఇది తక్కువ కరెంటు వద్ద తీసుకున్న కొలత కాబట్టి పూర్తి వెలుగులో ఉండే వోల్టేజి దీనికన్నా కాస్త ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

నీలం, తెలుపు రకాల వద్ద చాలా మీటర్లు చేతులెత్తేస్తాయి. డయోడ్ పరీక్షలో మీటరు ఇవ్వగలిగేది కొన్నింటిలో 2 వోల్టులు, కొన్నింటిలో 3 వోల్టులు మాత్రమే. అది చాలక తెరమీద ఓ.ఎల్. (కొలత హద్దు దాటిందని అర్థం) అనో, ఎడమ పక్క ఒంటి 1 అనో వస్తుంది. రెండు దిశల్లోనూ అలా వచ్చినంత మాత్రాన ఎల్‌ఈడీ పాడైందని పారేయకండి. అలా పారేసిన మంచి ఎల్‌ఈడీలు లెక్కలేనన్ని ఉంటాయి. ఏదైనా 5 వోల్టుల యూఎస్‌బీ సప్లైకి 1 కిలో ఓము రెసిస్టర్‌ను వరుసలో పెట్టి ఆ ఎల్‌ఈడీని కలిపి చూడండి, వెలగకపోతే తిప్పి చూడండి. 5 వోల్టులే కాబట్టి తిరగేసినా ప్రమాదం లేదు. ఇన్‌ఫ్రారెడ్ అని అనుమానం ఉంటే ఫోన్ కెమెరాలోంచి చూస్తే లేత ఊదా వెలుగు కనిపించవచ్చు. వెనుక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో ప్రయత్నించండి, ఎందుకంటే ఆ కాంతిని ఆపే ఫిల్టరు అన్ని కెమెరాల్లోనూ ఒకేలా ఉండదు.

అసలు కొలత

బ్యాటరీ ప్లస్ నుంచి 1 కిలో ఓము రెసిస్టర్, రెసిస్టర్ నుంచి ఎల్‌ఈడీ ప్లస్ కాలు, మైనస్ కాలి నుంచి తిరిగి బ్యాటరీ మైనస్: కలపవలసింది ఇంతే. 9 వోల్టుల బ్యాటరీతో ఈ రెసిస్టర్ ఎర్ర ఎల్‌ఈడీకి 7, తెల్లదానికి 6 మిల్లీ ఆంపియర్ల దగ్గర కరెంటును కట్టడి చేస్తుంది. మామూలు 3, 5 మిల్లీమీటర్ల రకాల్లో ఎక్కువ భాగం 20 మిల్లీ ఆంపియర్ల వరకు తట్టుకుంటాయి కాబట్టి ఏ రంగుదైనా ఈ పరీక్షలో సురక్షితమే. ముందు ఎల్‌ఈడీ రెండు కాళ్ళ మధ్య, తరువాత రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజిని కొలవండి. రెసిస్టర్ మీది వోల్టులను దాని ఓములతో భాగిస్తే కరెంటు వస్తుంది. మీటరును ఆంపియర్ల గుర్తుకు మార్చి సర్క్యూట్ విప్పి మళ్ళీ కలపవలసిన పని లేదు. 1 కిలో ఓము అయితే భాగించే శ్రమ కూడా ఉండదు, ఎన్ని వోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీ ఆంపియర్లు.

నీళ్ళలాంటి తల ఉన్న ఒక ఎల్‌ఈడీని ఇలా కొలిచినప్పుడు నాకు వచ్చిన అంకెలను ఇక్కడ ఇస్తున్నాను. అది నీలంగా వెలిగింది. ఎల్‌ఈడీ మీద 2.86 వోల్టులు, 1 కిలో ఓము రెసిస్టర్ మీద 6.1 వోల్టులు వచ్చాయి, అంటే 6.1 మిల్లీ ఆంపియర్లు. తరువాత రెసిస్టర్‌ను తీసి 330 ఓములది పెట్టాను. ఈసారి ఎల్‌ఈడీ మీద 3.05, రెసిస్టర్ మీద 5.8 వోల్టులు. 5.8ని 330తో భాగిస్తే 17.6 మిల్లీ ఆంపియర్లు. ఈ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూడండి: కరెంటు దాదాపు మూడింతలైంది, వోల్టేజి మాత్రం 0.19 వోల్టులే పెరిగింది. ఇదే లెక్కన మరో 0.2 వోల్టులు పెరిగితే, అంటే 3.25 వోల్టులకు చేరితే, కరెంటు 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరికి వెళుతుంది. అది హద్దుకు ఒకటిన్నర రెట్లు. "నీలం ఎల్‌ఈడీకి 3.3 వోల్టులు" అన్న పట్టికను నమ్మి సరిగ్గా 3.3 వోల్టుల సప్లైకి నేరుగా కలిపినవారి ఎల్‌ఈడీలు ఎందుకు నల్లబడతాయో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. పట్టికలోని విలువ తప్పు కాదు, దాన్ని సప్లై వోల్టేజిగా వాడుకోవడమే తప్పు.

ఇలా రెండు రెసిస్టర్లతో రెండుసార్లు కొలిచే అలవాటు చేసుకోమని గట్టిగా చెబుతాను. రెండో కొలతకు పట్టే సమయం అర నిమిషమే గానీ, అది ఒక ముఖ్యమైన రహస్యాన్ని బయటపెడుతుంది.

లోపల రెసిస్టర్ దాగి ఉన్నవి

5, 12 వోల్టులకు నేరుగా కలుపుకునేలా తలలోనే రెసిస్టర్ పెట్టి తయారుచేసే ఎల్‌ఈడీలు ఉన్నాయి. బయటికి మామూలువాటికీ వీటికీ ఏ తేడా కనిపించదు. ఒక ఎర్ర ఎల్‌ఈడీ మీద 1 కిలో ఓముతో 4.1 వోల్టులు, 4.9 మిల్లీ ఆంపియర్లు. 330 ఓములతో 6.1 వోల్టులు, 8.8 మిల్లీ ఆంపియర్లు వచ్చాయనుకోండి. ఎరుపు రంగుకు 4 వోల్టులు రావడమే మొదటి అనుమానం. కరెంటు 3.9 మిల్లీ ఆంపియర్లు పెరిగేసరికి వోల్టేజి ఏకంగా 2 వోల్టులు పెరగడం దాన్ని రుజువు చేస్తుంది. 2ని 0.0039తో భాగిస్తే సుమారు 510 ఓములు. లోపల దాగిన రెసిస్టర్ విలువ దాదాపు అదే. మామూలు ఎల్‌ఈడీలో ఇదే లెక్క వేస్తే పది, ఇరవై ఓములకు మించదు. పైన చెప్పిన నీలందానికి 16 లేదా 17 వస్తుంది.

ఇప్పుడు దాని సప్లై ఎంత? 8.8 నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు చేరాలంటే మరో 11.2 మిల్లీ ఆంపియర్లు కావాలి, 510 ఓముల లెక్కన అది 5.7 వోల్టులు, 6.1కి కలిపితే 11.8. అంటే ఇది 12 వోల్టుల రకం. 5 వోల్టుల వద్ద దానిలో 6 లేదా 7 మిల్లీ ఆంపియర్లే పారి మందంగా వెలుగుతుంది. సూత్రంగా చెప్పాలంటే, లెక్క కట్టిన కరెంటు 20 మిల్లీ ఆంపియర్లను మించకుండా ఉండే సప్లైనే ఎంచుకోవాలి. లోపలి రెసిస్టర్ 150, 200 ఓముల దగ్గర తేలితే అది 5 వోల్టుల రకం, దాన్ని 12కి కలిపితే 50 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగి మాడిపోతుంది.

కొలుస్తున్నప్పుడు అంకె నిలకడగా ఉండక ఎగిరెగిరి పడుతుంటే మీటరును అనుమానించవద్దు. తనంతట తాను ఆరి వెలిగేవి, రంగులు మారేవి, దీపంలా రెపరెపలాడేవి లోపల చిన్న ఐసీని దాచుకుని ఉంటాయి. రెండు దిశల్లోనూ రెండు రంగులుగా వెలిగితే అందులో ఎదురెదురుగా కలిపిన రెండు చిప్పులున్నాయని అర్థం; ఒక్కో దిశను విడిగా కొలిచి విడిగా రాసుకోవాలి.

సప్లైనీ రెసిస్టర్‌నూ ఎంచుకోవడం

సప్లై వోల్టేజి లోంచి ఎల్‌ఈడీ వోల్టేజిని తీసివేసి, మిగిలినదాన్ని కావలసిన కరెంటుతో భాగిస్తే రెసిస్టర్ విలువ వస్తుంది. 12 వోల్టుల సప్లై, 3.1 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ, 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 8.9ని 0.010తో భాగించాలి, 890 ఓములు. దొరికే విలువల్లో దానికి పైనున్న 1 కిలో ఓమును తీసుకోండి, కిందిదాన్ని కాదు. రెసిస్టర్‌లో ఖర్చయ్యే శక్తి 0.08 వాట్లే కాబట్టి పావు వాటు రకం సరిపోతుంది. గుర్తుగా వెలిగే దీపానికి 20 మిల్లీ ఆంపియర్లు ఎప్పుడూ అవసరం లేదు. నేటి ఎల్‌ఈడీలు 2 నుంచి 5 మిల్లీ ఆంపియర్లకే గదిలో స్పష్టంగా కనిపిస్తాయి, పైగా తట్టుకునే హద్దు ఖచ్చితంగా తెలియని ఎల్‌ఈడీని సగం కరెంటులో నడిపితే దాని ఆయుష్షు గురించి దిగులు పడనక్కరలేదు.

సప్లై వోల్టేజి ఎల్‌ఈడీ వోల్టేజికి మరీ దగ్గరగా ఉండకూడదు. మొత్తంలో కనీసం నాలుగో వంతు రెసిస్టర్ మీద పడేలా చూసుకుంటే సప్లై కాస్త ఊగినా కరెంటు పెద్దగా మారదు. సప్లై మీద రాసి ఉన్న అంకెకూ అసలు వోల్టేజికీ తేడా ఉంటుందన్న సంగతి ఇక్కడే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు 12 వోల్టుల అడాప్టర్, లోడ్ లేనప్పుడు, అంటే దానికి ఏమీ కలపనప్పుడు, 16, 17 వోల్టులు చూపించడం మామూలే. వాహనంలోని 12 వోల్టుల బ్యాటరీ ఇంజను నడుస్తున్నప్పుడు 14.4 దాకా వెళుతుంది. మూడు తెల్ల ఎల్‌ఈడీలను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా, పెట్టి 150 ఓముల రెసిస్టర్ కలిపితే, వాటి మొత్తం 9.3 వోల్టులు పోగా 12 వోల్టుల వద్ద 18 మిల్లీ ఆంపియర్లు పారతాయి, అదే 14.4 వద్ద 34 అవుతాయి. అక్కడ 270 ఓములు పెడితే 14.4 వద్ద 19, 12 వద్ద 10 మిల్లీ ఆంపియర్లు ఉంటాయి. ఇంజను ఆపినప్పుడు వెలుగు తగ్గుతుంది, అది భరించదగిన తేడా. అందుకని లెక్క ఎప్పుడూ సప్లై చేరగల గరిష్ఠ వోల్టేజితో చేయాలి.

ఎల్‌ఈడీలను ప్యారలల్‌గా, అంటే ప్లస్ కాళ్ళన్నీ ఒకచోట, మైనస్ కాళ్ళన్నీ ఒకచోట, కలిపి అన్నింటికీ ఒకే రెసిస్టర్ పెట్టకండి. ఒకే సంచిలోనివైనా వాటి వోల్టేజిలో కొద్దిపాటి తేడాలుంటాయి, తక్కువ వోల్టేజి ఉన్నది ఎక్కువ కరెంటును తానే లాక్కుంటుంది. ఎవరి రెసిస్టర్ వారికి ఉండాలి.

స్ట్రిప్పులు

గుర్తులు చెరిగిపోయిన స్ట్రిప్, అంటే ఎల్‌ఈడీలు వరుసగా అమర్చిన పట్టీ, దొరికితే కత్తిరించే గీతల మధ్య ఎన్ని ఎల్‌ఈడీలు ఉన్నాయో లెక్కపెట్టండి. మూడేసి ఉంటే చాలావరకు 12 వోల్టులు, ఆరేసి లేదా ఏడేసి ఉంటే 24, ఒక్కొక్కటే ఉంటే 5. తరువాత రెసిస్టర్ మీది అంకెలు చూడండి. 151 అంటే 15 పక్కన ఒక సున్నా, 150 ఓములు. మూడు తెల్ల చిప్పులకు 9.3 పోతే మిగిలే 2.7 వోల్టులు 150 ఓముల మీద 18 మిల్లీ ఆంపియర్లు ఇస్తాయి. లెక్క ఇంత చక్కగా కుదిరితే 12 వోల్టులేనని నిశ్చింతగా ఉండవచ్చు. చిప్పులన్నీ పసుపు పూత కింద దాగిపోయి లెక్కపెట్టడం కుదరకపోతే, మార్చగలిగే సప్లైతో వోల్టేజిని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ మొదటి మసక వెలుగు ఎక్కడ వస్తుందో గమనించండి. 8 వోల్టుల దగ్గర వస్తే 12 వోల్టుల స్ట్రిప్, 16 లేదా 18 దగ్గర వస్తే 24. మూడు ప్యాడ్లు ఉండి, పక్కన బాణం గుర్తు ఉండి, వోల్టేజి ఇచ్చినా వెలగకపోతే అది డేటా సిగ్నల్ కోసం ఎదురుచూసే రకం కావచ్చు. డబ్ల్యూఎస్ 2812బి లాంటివి 5 వోల్టులవి, వెలగడం లేదని వోల్టేజి పెంచితే చిప్పులన్నీ ఒకేసారి పోతాయి.

పెద్ద చిప్పులు, బల్బుల్లోవి, టీవీ బ్యాక్‌లైట్‌లోవి

ఇక్కడ ఒకే ప్యాకేజీలో పలు చిప్పులు సిరీస్‌లో ఉండవచ్చు. 2835 అనే కొలతలో వచ్చే పసుపు రంగు చదునైన ఎల్‌ఈడీలు 3, 6, 9, 18 వోల్టుల రకాల్లో దొరుకుతాయి, చూడడానికి అన్నీ ఒకటే. 9 వోల్టుల బ్యాటరీకి వెలగకపోతే అలాంటివి నాలుగు బ్యాటరీలను సిరీస్‌లో పెట్టి 36 వోల్టులు చేసి, 4.7 కిలో ఓముల అర వాటు రెసిస్టర్‌తో కలపండి. కరెంటు ఎటుచూసినా 8 మిల్లీ ఆంపియర్లను మించదు. ఈసారి ప్లస్, మైనస్ ముందే తేలి ఉండాలి. కాళ్ళ మధ్య వచ్చిన వోల్టేజిని 2.7తో భాగిస్తే సిరీస్‌లో ఎన్ని చిప్పులున్నాయో వస్తుంది: 5.4 వస్తే రెండు, 8 వస్తే మూడు, 27 వస్తే పది. పూర్తి వెలుగులో ఒక్కో చిప్‌కు 3 నుంచి 3.4 లెక్కన 6, 9, 30 వోల్టుల పైచిలుకు అన్నమాట. పసుపు పూత నిండుగా ఉన్న 10, 20 వాట్ల పలకలను చీకట్లో చాలా తక్కువ కరెంటుతో వెలిగించి చూడండి; పూత కింద ఒక్కో చిప్ విడివిడి చుక్కగా మెరుస్తుంది, వరుసలను వేలు పెట్టి లెక్కపెట్టవచ్చు. వెలుగు పెంచిన క్షణంలో ఆ చుక్కలన్నీ కలిసి ఒకే పసుపు పలకగా మారిపోతాయి.

నక్షత్రం ఆకారపు అల్యూమినియం బోర్డు మీద వచ్చే 1 వాటు రకానికి 350, 3 వాట్ల రకానికి 700 మిల్లీ ఆంపియర్లు మామూలు. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏదో తెలియనప్పుడు 350గానే భావించండి. వీటికి రెసిస్టర్ కన్నా కరెంటును నియంత్రించే డ్రైవర్ మేలు, వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్ లేకుండా కొన్ని సెకన్లకు మించి వెలిగించరాదు. కరెంటు పరిమితి ఉన్న బెంచ్ సప్లై (వోల్టేజిని మార్చుకోగల బల్ల మీది సప్లై) వాడేటప్పుడు వోల్టేజిని సున్నాలో ఉంచి, ఎల్‌ఈడీని కలిపిన తరువాతే పెంచండి. వోల్టేజి ముందే ఎక్కువగా ఉంచి ఆ తరువాత ఎల్‌ఈడీని తగిలిస్తే, పరిమితి పనిచేసేలోపే సప్లై లోపలి కెపాసిటర్ తన దగ్గరున్నదంతా ఎల్‌ఈడీలోకి కుమ్మరిస్తుంది. నా బల్ల మీద ఒక 3 వాట్ల చిప్ అలాగే పోయింది. పరిమితి 100 మిల్లీ ఆంపియర్లకే పెట్టి ఉంది, తప్పంతా కలిపిన వరుసలోనే ఉంది. వెలుగుతున్న చిప్‌లోకి నేరుగా చూడకండి. తెల్ల కాగితం మీద పడే వెలుగును చూడండి.

బల్బు బోర్డులను మెయిన్స్ (ఇంటి కరెంటు) నుంచి పూర్తిగా విడదీసి, కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేసిన తరువాతే ఈ పరీక్షలు చేయాలి. వాటి డ్రైవర్లలో చాలావరకు మెయిన్స్‌తో నేరుగా ముడిపడి ఉంటాయి, బోర్డు మీది ఏ బిందువును తాకినా ప్రాణాంతకమే. టీవీ బ్యాక్‌లైట్ పరీక్షించే పెట్టెలు కూడా వందల వోల్టుల దాకా ఇస్తాయి కాబట్టి, స్విచ్ ఆపకుండా ప్రోబుల కొసలను చేత్తో పట్టుకోకూడదు.

కొలత పూర్తయిన వెంటనే, తరువాతి ఎల్‌ఈడీని చేతిలోకి తీసుకోకముందే, ఒక చిన్న కవరులో వేసి దాని మీద రంగు, కొలిచిన వోల్టేజి, ఏ కరెంటు వద్ద కొలిచారో రాయండి: "నీలం, 3.05 వోల్టులు, 17.6 మిల్లీ ఆంపియర్లు" అని. లోపల రెసిస్టర్ ఉన్నట్టు తేలితే దాని విలువను, సరిపడే సప్లైని కూడా చేర్చండి. కరెంటు రాయకుండా వోల్టేజి ఒక్కటే రాస్తే, ఆరు నెలల తరువాత ఆ కవరు తీసినప్పుడు అది డయోడ్ పరీక్షలో వచ్చిన అంకెనో పూర్తి వెలుగులో వచ్చిన అంకెనో తెలియక మళ్ళీ కొలవవలసి వస్తుంది.